మీకు తెలుసా? చెవిన బాణీ పడితే చాలు, ఐదు దేశాల జాజ్ ఒక్కటవుతుంది!

ఫ్రీ జాజ్ పేరు వినగానే ‘ఎవరి గోల వాళ్లది’ అని తీర్పు చెప్పేసేవాళ్లు చాలామంది. మనోధర్మానికి పగ్గాలు వదిలేస్తే బాణీ ఎటో కొట్టుకుపోతుందన్నది వాళ్ల భయం. అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు డాన్ చెర్రీ (1936–1995) జీవితమంతా ఆ భయానికి జవాబు చెబుతూనే గడిచింది. దేశదేశాల వాద్యకారులను ఒకే వేదిక మీదికి చేర్చి, ఎవరికి తోచింది వాళ్లు వాయించే వీలిచ్చి, వాళ్లందరినీ కలిపి ఉంచడానికి అతను వాడిన పరికరం చిన్న చిన్న బాణీలే. అతని చుట్టూ అల్లుకున్న సంగతులు కొన్ని ఇవిగో.

జాజ్ కచేరీకి మామూలు నడక ఏమిటి?

మొదట అందరూ కలిసి ఒక బాణీ వాయిస్తారు. బ్లూస్ అయితే 12 బార్లు, సినిమా లేదా నాటకం పాట అయితే ఎక్కువగా 32 బార్లు. తర్వాత ఆ బాణీ కింద ఉన్న కార్డుల (కలిపి మోగించే స్వరాల) వరస మాత్రం చక్రంలా తిరుగుతూ ఉంటే, ఒక్కొక్కరూ తమ వంతుకు దాని మీద కొత్త స్వరాలు అల్లుతారు. చివర్లో మళ్లీ అందరూ కలిసి అదే బాణీ. కృతి పాడి, కల్పనస్వరాలు వేసి, ఎత్తుకున్న చోటికే వచ్చి చేరే మన కచేరీ అలవాటు ఉన్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. మన గాయకుడికి హద్దు రాగమూ తాళమూ, జాజ్ వాద్యకారుడికి హద్దు ఆ కార్డుల చక్రం.

ఆ చక్రాన్ని తీసేస్తే?

న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్‌లో 1959 నవంబర్ 17న శాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ నలుగురి బృందంతో దిగాడు. కార్డులు వాయించే పియానో బృందంలో లేనే లేదు. ఆర్నెట్ చేతిలో తెల్లటి ప్లాస్టిక్ శాక్సఫోన్, పక్కన ట్రంపెట్‌తో డాన్ చెర్రీ. మర్నాటికి చెర్రీకి 23 ఏళ్లు నిండుతాయి. రెండు వారాలకని కుదిరిన కచేరీలు రెండు నెలలు దాటినా సాగాయి. ఇది సంగీతమేనా అని కొందరు, ఇదే రేపటి సంగీతం అని కొందరు ఊరంతా వాదులాడుకున్నారు. ఇంత గొడవలో ఒక సంగతి మరుగున పడింది. ఆర్నెట్ కట్టిన బాణీలు ఒకసారి వింటే నాలుక మీద నిలిచేంత తేలికైనవి. అతని ‘లోన్లీ ఉమన్’ను, సంప్రదాయంగా, పద్ధతిగా వాయిస్తుందని పేరున్న మోడర్న్ జాజ్ క్వార్టెట్ 1962లోనే రికార్డు చేసి, ఆల్బమ్‌కు కూడా ఆ పేరే పెట్టుకుంది.

ఎడమ చెవికి నలుగురు, కుడి చెవికి నలుగురు

ఈ సంగీతానికి పేరు తెచ్చిన ఆర్నెట్ ఆల్బమ్ ‘ఫ్రీ జాజ్’ను 1960 డిసెంబర్ 21న రికార్డు చేశారు. ఒకేసారి రెండు బృందాలు, మొత్తం ఎనిమిది మంది. స్టీరియోలో ఒక బృందం ఎడమ వైపు నుంచి, మరొకటి కుడి వైపు నుంచి వినబడుతుంది. ఆగకుండా సుమారు 37 నిమిషాలు వాయించారు. దాన్ని ఎల్పీ రికార్డు రెండు వైపులకూ పంచాల్సి వచ్చింది. అట్ట మీద జాక్సన్ పొలాక్ చిత్రం. జాగ్రత్తగా వింటే అందులోనూ ముందే రాసుకున్న చిన్న చిన్న స్వరగుచ్ఛాలు దొరుకుతాయి. ఒకరి వంతు ముగిసి మరొకరి వంతు మొదలయ్యే చోట అందరూ వాటి దగ్గర కలుసుకుంటారు.

జేబు ట్రంపెట్ బుల్లిదే, కానీ శృతి తగ్గదు

చెర్రీ ఫొటోల్లో కనిపించే బుల్లి ట్రంపెట్ పిల్లల ఆటబొమ్మలా ఉంటుంది. దాని పేరు పాకెట్ ట్రంపెట్. మామూలు ట్రంపెట్‌లో ఉండే సుమారు ఒకటిన్నర మీటర్ల గొట్టమే ఇందులోనూ ఉంటుంది. మరిన్ని చుట్లు చుట్టి దగ్గరగా ముడవడం వల్ల చేతిలో ఇమిడిపోతుంది. గొట్టం పొడవు మారలేదు కనుక శృతీ మారదు. అతను తొలిరోజుల్లో వాయించింది పాకిస్తాన్‌లో తయారైన వాద్యం. దేశాలు పట్టుకు తిరిగేవాడికి ఇంతకన్నా అనువైన వాద్యం ఏముంటుంది?

ఒక బృందం, ఐదు దేశాలు

చెర్రీ 1965లో ప్యారిస్ చేరాడు. అక్కడి రూ ద లా యూషెత్ వీధిలో ‘ల షా కి పెష్’ అనే క్లబ్ ఉండేది. అక్కడ కుదిరిన బృందం ఇది: ట్రంపెట్ మీద అమెరికాకు చెందిన చెర్రీ, శాక్సఫోన్ మీద అర్జెంటీనాలోని రొసారియోలో పుట్టిన గాతో బార్బియేరి, వైబ్రఫోన్ మీద జర్మనీలోని హైడెల్‌బర్గ్‌కు చెందిన కార్ల్ బెర్గర్, డబుల్ బాస్ మీద ఫ్రాన్స్ కుర్రాడు జాన్-ఫ్రాన్స్వా జెన్నీ-క్లార్క్, డ్రమ్స్ మీద ఇటలీలో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన అల్దో రొమానో. ఐదుగురివి ఐదు పుట్టినిళ్లు. ఇంట్లో మాట్లాడే భాష వేరు, విని పెరిగిన పాట వేరు. ఇలాంటి బృందానికి కాగితం మీద స్వరాలు రాసిచ్చి నడిపించడం ఒక దారి. చెర్రీ ఆ దారి పట్టలేదు. బాణీని వాయించి వినిపించేవాడు, మిగతావాళ్లు చెవితో పట్టుకునేవాళ్లు.

సాధనకు రేడియో గురువు

చెర్రీ వెంట చిన్న షార్ట్‌వేవ్ రేడియో ఉండేదని బెర్గర్ తర్వాత రోజుల్లో చాలాసార్లు గుర్తుచేసుకున్నాడు. ప్రపంచంలో ఏ మూల నుంచి ఏ పాట తగిలినా ఆగి వినడం, నచ్చిన వరసను ట్రంపెట్ మీదికి తెచ్చుకోవడం, సాధనకు వచ్చి బృందానికి వినిపించడం. ఆ వరస ఎవరిది, ఏ దేశానిది అన్న ఆరా తర్వాత. ముందు అది నోటికి వచ్చిందా లేదా అన్నదే లెక్క. ‘వరల్డ్ మ్యూజిక్’ అనే అర పాటల దుకాణాల్లో వెలియడానికి రెండు దశాబ్దాల ముందు మాట ఇది.

వేదిక మీద సైగ ఎలా?

ఇక అసలు కిటుకు. రెండు నిమిషాల బాణీ, పది నిమిషాల అల్లిక, మళ్లీ బాణీ అనే పాత పద్ధతిని చెర్రీ పక్కన పెట్టాడు. నాలుగైదు బాణీలను ముందే అందరి చెవుల్లో వేసి ఉంచేవాడు. కచేరీలో వాటికి వరసక్రమం లేదు. అందరూ స్వేచ్ఛగా వాయిస్తూ ఉండగా ఎవరో ఒకరు వాటిలో ఒక బాణీ మొదటి ముక్క ఎత్తుకుంటారు. అది వినబడిన మరుక్షణం పక్కవాడు అందుకుంటాడు, డ్రమ్స్ ఆ నడకలోకి మళ్లుతుంది. కాసేపటికి ఆ బాణీ కరిగి మళ్లీ అల్లిక, ఇంతలో మరో బాణీ తొంగిచూస్తుంది. చేత్తో సైగ అక్కర్లేదు, గొంతెత్తి చెప్పనక్కర్లేదు. బాణీ మొదటి నాలుగు స్వరాలే సైగ. అందుకే ఈ పద్ధతిలో పక్కవాడి వాయిద్యం వినకుండా తన ధోరణిలో తాను పోయేవాడికి చోటు లేదు. ఎవరి గోల వాళ్లది అని పేరుపడిన సంగీతం, నిజానికి చెవిని ఎక్కువగా పనిచేయించే సంగీతం.

క్రిస్మస్ ముందురోజు పండిన పంట

ఈ పద్ధతికి తొలి పెద్ద రికార్డు ‘కంప్లీట్ కమ్యూనియన్’. బ్లూ నోట్ సంస్థ కోసం 1965 డిసెంబర్ 24న, న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో చేశారు. ప్యారిస్ బృందం నుంచి బార్బియేరి వచ్చాడు. బాస్ మీద హెన్రీ గ్రైమ్స్, డ్రమ్స్ మీద న్యూ ఆర్లీన్స్ వాడైన ఎడ్ బ్లాక్‌వెల్ చేరారు. రికార్డుకు ఒక్కో వైపు ఒక్కో సూట్ (బాణీల మాల), ఒక్కో సూట్‌లో నాలుగేసి బాణీలు. ఒక బాణీ ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో చెప్పడం మొదటిసారి వినేవాళ్లకు కష్టం. రెండోసారి వింటే అతుకులు కనబడతాయి. మూడోసారికి అవే ఇష్టమవుతాయి.

ఏడుగురితో సింఫనీ

సింఫనీ అంటే ఎనభై తొంభై మంది ఉండాలని ఎవరన్నారు? 1966 సెప్టెంబర్ 19న చెర్రీ ఏడుగురితో ‘సింఫనీ ఫర్ ఇంప్రొవైజర్స్’ రికార్డు చేశాడు. ప్యారిస్ బృందంలోని బార్బియేరి, బెర్గర్, జెన్నీ-క్లార్క్ అట్లాంటిక్ దాటి వచ్చారు. గ్రైమ్స్, బ్లాక్‌వెల్‌తో పాటు ఫారో సాండర్స్ అనే మరో శాక్సఫోన్ సింహం తోడైంది. ఇద్దరు శాక్సఫోన్ వాద్యకారులు, ఇద్దరు బాస్ వాద్యకారులు. ఇంతమంది ఒకేసారి ఊగిపోతున్నా, చెర్రీ ట్రంపెట్ చిన్న బాణీ ఒకటి ఎత్తుకోగానే గుంపంతా దాని చుట్టూ చేరిపోవడం ఈ రికార్డులో వినాల్సిన ముచ్చట.

కోపెన్‌హాగన్‌లో కొత్త కుర్రాడు

అదే 1966 మార్చిలో ప్యారిస్ బృందం కోపెన్‌హాగన్‌లోని కఫే మోన్‌మార్త్ క్లబ్‌లో వాయించింది. అక్కడ బాస్ పట్టింది డెన్మార్క్ కుర్రాడు బో స్టీఫ్. అప్పుడతనికి 19 ఏళ్లు. ఆ కచేరీల రికార్డులు ఈఎస్‌పీ-డిస్క్ సంస్థ ద్వారా మూడు భాగాలుగా బయటికి వచ్చేసరికి నాలుగు దశాబ్దాలు గడిచాయి. బాణీలు చెవుల్లో ఉంటే బృందంలోకి కొత్తవాడు వచ్చినా బండి ఆగదని చెప్పడానికి అవి మంచి సాక్ష్యం.

బెర్లిన్‌లో గామెలాన్ గంటలు

బెర్లిన్ జాజ్ ఉత్సవం 1964లో మొదలైంది. 1966 నవంబర్‌లో అక్కడి ఫిల్‌హార్మొనీ భవనంలో అలెగ్జాండర్ ఫాన్ ష్లిప్పెన్‌బాఖ్ ‘గ్లోబ్ యూనిటీ’ అనే పెద్ద ఫ్రీ జాజ్ బృందాన్ని తొలిసారి వేదిక ఎక్కించాడు. రెండేళ్లకు, 1968 నవంబర్‌లో, అదే నగరంలో చెర్రీ ‘ఇటర్నల్ రిథమ్’ రికార్డు చేశాడు. జర్మనీ నుంచి ట్రాంబోన్ విద్వాంసుడు ఆల్బర్ట్ మాంగెల్స్‌డార్ఫ్, పియానిస్టు యోవాఖిమ్ క్యూన్, స్వీడన్ నుంచి బెర్న్ట్ రోసెన్‌గ్రెన్, నార్వే నుంచి అరిల్డ్ ఆండెర్సెన్, ఫ్రాన్స్ నుంచి జాక్ థొలో, అమెరికా నుంచి గిటారిస్టు సానీ షారాక్. వీళ్లకు తోడు ఇండోనేషియా గామెలాన్ వాద్యాల లోహపు పలకలు, రకరకాల పిల్లనగ్రోవులు. పిల్లనగ్రోవితో మెల్లగా మొదలై, హోరుగా పెరిగి, మళ్లీ ఒక పాట దగ్గరికి చేరే ఈ ఆల్బమ్‌ను ఫ్రీ జాజ్, ప్రపంచ సంగీతం కలిసిన కూడలిగా చెబుతారు.

అంకారాలో జానపదం

1969 నవంబర్‌లో చెర్రీ టర్కీ రాజధాని అంకారాలోని అమెరికా రాయబార కార్యాలయంలో కచేరీ చేశాడు. పక్కన వాయించింది అక్కడి వాళ్లే. డ్రమ్స్ మీద ఒకాయ్ తెమిజ్, శాక్సఫోన్ మీద ఇర్ఫాన్ స్యూమెర్, బాస్ మీద సెల్చుక్ సున్. కచేరీలో టర్కీ జానపద వరసలూ, ఆర్నెట్ బాణీలూ పక్కపక్కనే నడిచాయి. తర్వాత తెమిజ్, దక్షిణాఫ్రికా బాస్ వాద్యకారుడు జానీ డియానీ, చెర్రీ ముగ్గురూ కలిసి యూరప్ అంతా తిరిగారు. ముగ్గురివి మూడు ఖండాలు.

జర్మనీ సభలో సీతారాములు

1971 అక్టోబర్‌లో జర్మనీలోని డొనావెషింగెన్ సంగీతోత్సవానికి పోలండ్ స్వరకర్త పెండెరెట్‌స్కీ ‘యాక్షన్స్’ అనే రచన సిద్ధం చేశాడు. ఫ్రీ జాజ్ ఆర్కెస్ట్రా కోసం రాసినది అది. దాన్ని వాయించిన ‘న్యూ ఇటర్నల్ రిథమ్ ఆర్కెస్ట్రా’లో చెర్రీతో పాటు పోలండ్ నుంచి తొమాష్ స్తాంకో, నార్వే నుంచి తెర్యే రిప్‌డాల్, నెదర్లాండ్స్ నుంచి హాన్ బెన్నింక్, కెనడాలో పుట్టిన కెన్నీ వీలర్ వంటి ఉద్దండులున్నారు. అదే వేదిక మీద చెర్రీ సొంత రచన కూడా వినిపించింది. ఆ కచేరీ రికార్డులో ఒక భాగం పేరు చూస్తే తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. దాని పేరు ‘సీతారామ ఎంకోర్స్’. 1970ల నుంచి చెర్రీ భారతీయ సంగీతాన్ని శ్రద్ధగా నేర్చుకుంటూ, కచేరీల్లో గొంతు విప్పి పాడుతూ వచ్చాడు.

పాత బడి, కొత్త సభ

స్వీడన్ చిత్రకారిణి మోకీ, చెర్రీ దంపతులు 1970లో దక్షిణ స్వీడన్‌లోని టోగార్ప్ అనే పల్లెలో ఒక పాత బడి భవనంలో కాపురం పెట్టారు. మోకీ కుట్టిన రంగురంగుల వస్త్రచిత్రాలు కచేరీ వేదికకు తెరలయ్యాయి. పిల్లలు, ఊరివాళ్లు, వాద్యకారులు కలిసి పాడే పద్ధతి అక్కడ పెరిగింది. ‘ఆర్గానిక్ మ్యూజిక్ సొసైటీ’ ఆల్బమ్ ఆ రోజుల ఫలం. ఆ ఇంట్లో పెరిగిన నెనా చెర్రీ, ఈగల్-ఐ చెర్రీ ఇద్దరూ తర్వాత పాప్ గాయకులుగా ప్రపంచానికి తెలిశారు. ఈగల్-ఐ పాడిన ‘సేవ్ టునైట్’ 1990ల చివర్లో రేడియోల్లో మార్మోగింది.

‘తకి’ రెండు, ‘గమల’ మూడు

ప్యారిస్ బృందంలోని కార్ల్ బెర్గర్ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో క్రియేటివ్ మ్యూజిక్ స్టూడియో అనే బడి నెలకొల్పాడు. భార్య ఇంగ్రిడ్ సెర్ట్సో, ఆర్నెట్ కోల్మన్ అతనికి తోడు. చెర్రీ కూడా అక్కడ పాఠం చెప్పాడు. అక్కడి లయ పాఠం పేరు ‘గమల తకి’. రెండు మాత్రలకు ‘తకి’, మూడు మాత్రలకు ‘గమల’. ఐదు కావాలంటే రెండూ కలపాలి, ఏడు కావాలంటే రెండు తకిలు, ఒక గమల. ఎంత చిక్కు లయనైనా రెండ్లు, మూళ్లుగా విడగొట్టి నోటితో పలకాలి. మృదంగం నేర్చుకునే మన పిల్లలకు ఈ పాఠం ఏమంత కొత్తగా తోచదు.

మూడు పేర్లు, మూడు ఖండాల వాద్యాలు

సితార్, తబలా వాయించే అమెరికన్ కాలిన్ వాల్కాట్, ట్రంపెట్‌తో డాన్ చెర్రీ, బ్రెజిల్‌లోని రెసీఫె నుంచి నానా వాస్కొన్‌సెలోస్. ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు ‘కొదోనా’. వాల్కాట్ సితార్ నేర్చుకున్నది పండిత్ రవిశంకర్ దగ్గర, తబలా నేర్చుకున్నది అల్లా రఖా దగ్గర. వాస్కొన్‌సెలోస్ వాద్యం బెరింబావ్, అంటే విల్లుకు ఒకే తీగ కట్టి, సొరకాయ బుర్ర తగిలించిన బ్రెజిల్ వాద్యం. చెర్రీ ట్రంపెట్‌తో పాటు మాలీ దేశపు వేటగాళ్ల తీగవాద్యం దొంసొ న్గోనిని కూడా మీటేవాడు. ఈసీఎం సంస్థకు ముగ్గురూ కలిసి 1978, 1980, 1982లలో మూడు ఆల్బమ్‌లు రికార్డు చేశారు. మొదటి ఆల్బమ్‌లో ఒకచోట ఆర్నెట్ కోల్మన్ బాణీలూ, స్టీవీ వండర్ పాప్ పాట ‘సర్ డ్యూక్’ ఒకే దండలో వస్తాయి. ఫ్రీ జాజ్‌కూ పాప్ పాటకూ నడుమ గోడ ఉందని చెర్రీ ఎప్పుడూ అనుకోలేదు. 1984 నవంబర్‌లో బస్సు ప్రమాదంలో వాల్కాట్ కన్నుమూయడంతో ఆ బృందం కథ ముగిసింది.

బెర్లిన్ జాజ్ వేదికపై పాలకొల్లు

‘గ్లోబ్ యూనిటీ’ పుట్టిన ఆ బెర్లిన్ జాజ్ ఉత్సవంలోనే 1983లో ఒక తెలుగు కుర్రాడు కర్ణాటక సంగీతం వినిపించాడు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కు అప్పుడు 14 ఏళ్లు. అతనిది ఫ్రీ జాజ్ కాదు, నిఖార్సైన శాస్త్రీయం. అయినా జాజ్ శ్రోతలకు మనోధర్మం పరాయిది కాదు కదా! తర్వాతి కాలంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో శ్రీనివాస్ ఏళ్ల తరబడి ప్రపంచమంతా వాయించాడు.

ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రీ జాజ్ రుచి తెలియనివాళ్లు ఆ పేరున్న 1960 ఆల్బమ్‌తోనే మొదలుపెట్టి, పది నిమిషాలకు కట్టేసి, ‘ఇది మనవల్ల కాదు’ అనుకోవడం మామూలే. వరస తిప్పి చూడండి. ముందు కొదోనా మొదటి ఆల్బమ్ వినండి, అది నెమ్మదిగా ఉంటుంది. తర్వాత ‘కంప్లీట్ కమ్యూనియన్’. అందులో మొదటి బాణీని నోటికి వచ్చేదాకా రెండు మూడుసార్లు వినండి. ఆపైన రికార్డంతా ఆ బాణీ ఎక్కడెక్కడ తొంగిచూస్తోందో వెతకండి. దొరికిన ప్రతిసారీ మిగతా వాద్యాలు ఏం చేస్తున్నాయో గమనించండి. ఈ ఆట అలవాటైతే ‘ఇటర్నల్ రిథమ్’ హోరు కూడా మిమ్మల్ని బెదిరించదు. ఏటా ఏప్రిల్ 30ని యునెస్కో అంతర్జాతీయ జాజ్ దినోత్సవంగా జరుపుతోంది. ఈసారి ఆ రోజు ఒక గంట చెర్రీకి ఇచ్చి చూడండి.